కళ్ళజోడు చీటీ చదవడం నేర్చుకుందాం: చూపు దోషాలు, వాటి దిద్దుబాటు

కంటి పరీక్ష ముగిశాక చేతిలో ఒక చీటీ పెడతారు. మైనస్సులు, ప్లస్సులు, ఒక గుణకారపు గుర్తు, దాని పక్కన 90 అనో 180 అనో ఒక అంకె. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కళ్ళజోడు చేసేవారికి ఇచ్చి మరిచిపోతాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను. ఒకసారి కొత్త జోడు పెట్టుకున్న రోజు నుంచి తలనొప్పి మొదలైంది, మెట్లు దిగుతుంటే నేల వాలినట్టు అనిపించింది. 'అలవాటు పడుతుంది' అన్నారు. మూడు వారాలు ఓపిక పట్టి చీటీని, అద్దాన్ని సరిపోల్చి చూపించుకుంటే తేలింది: చీటీలో 180 అన్న చోట మొదటి అంకె సరిగా పడలేదు, అద్దాన్ని 80 డిగ్రీలకు బిగించారు. ఉన్న దోషం తగ్గకపోగా దాదాపు రెట్టింపయింది.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఆ చీటీ చుట్టూనే తిరుగుతుంది. అందులోని ప్రతి అంకెకూ ఒక అర్థం ఉంది, కొన్నిటిని ఇంట్లో స్కేలుతోనే ఉజ్జాయింపుగా సరిచూసుకోవచ్చు.

మొదటి మెట్టు: కంటిలో ఎక్కడ తేడా వస్తుందో తెలుసుకోవడం

కంట్లోకి వచ్చే వెలుతురును రెండు భాగాలు వంచుతాయి: నల్లగుడ్డు మీద గాజులా కనిపించే కార్నియా, దాని వెనక ఉండే కటకం. వెలుతురును వంచే సామర్థ్యాన్ని డయాప్టర్లలో కొలుస్తారు. మొత్తం సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లయితే అందులో 43 దాకా కార్నియాదే. కటకం వాటా తక్కువే గాని, అవసరాన్ని బట్టి ఉబ్బి దగ్గరి వస్తువులను స్పష్టం చేసే నేర్పు దానికే ఉంది. దీన్ని సర్దుబాటు అంటారు. వంగిన కిరణాలన్నీ కంటి వెనక గోడ మీదున్న రెటీనాపై ఒకే చోట కలిస్తే చూపు స్పష్టం. కలవకపోతే వక్రీభవన దోషం.

ఇది చాలామటుకు పొడవు లెక్క. పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యాక 24 దాకా ఉంటుంది. ఆ ఎదుగుదలలో ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా వస్తుంది. గుడ్డు పొడవైతే కిరణాలు రెటీనాకు ముందే కలిసి దూరం మసకబారుతుంది. ఇది హ్రస్వదృష్టి. పొట్టిదైతే అవి కలవవలసిన చోటు రెటీనా వెనక్కి పోతుంది, అది దీర్ఘదృష్టి. ఈ రెండో పేరు చూసి దూరం బాగా కనిపించే వరమనుకోకండి. కన్ను ఏ దూరానికైనా కష్టపడి సర్దుకోవాల్సిందే, దగ్గరికి మరింత ఎక్కువగా. చిన్న వయసులో ఆ కష్టం బయటపడదు గనుక దోషం దాగి ఉంటుంది.

మూడోది అసమదృష్టి. కార్నియా బంతి పైభాగంలా అన్ని వైపులా ఒకే వంపుతో ఉండక, ఒక దిక్కున ఎక్కువగా, దానికి అడ్డదిక్కున తక్కువగా వంగి ఉంటుంది. చుక్క గీతలా సాగి కనిపిస్తుంది, వీధి దీపాల నుంచి తోకలు బయలుదేరుతాయి. థామస్ యంగ్ 1801లో తన కంటిలోనే ఈ దోషాన్ని వర్ణించాడు. ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఏరీ 1825 ప్రాంతంలో తన ఎడమ కంటి కోసం స్థూపాకార కటకం చేయించుకున్నాడు. నక్షత్రాలను చూసేవాడికి చుక్క చుక్కలా కనిపించకపోతే ఎంత చిరాకో ఊహించవచ్చు.

నాలుగోది చత్వారం. పేరులోనే నలభై వినిపిస్తుంది. గుడ్డు పొడవుతో దీనికి సంబంధం లేదు, కటకం వయసుతో గట్టిపడి సర్దుబాటు తగ్గడమే కారణం. పదేళ్ళ పిల్లవాడికి దాదాపు 14 డయాప్టర్ల సర్దుబాటు ఉంటుంది, నలభైకి నాలుగైదు, అరవైకి ఒకటి మిగిలితే గొప్ప. ఇది ఎవరినీ వదలదు. హ్రస్వదృష్టి ఉన్నవారు జోడు తీసేసి చదవగలుగుతూ 'నాకు చత్వారం రాలేదు' అంటుంటారు. వచ్చింది, మైనస్సు దాన్ని కప్పిపెట్టింది, అంతే.

రెండో మెట్టు: సూదిరంధ్రం, స్కేలు

చూపు మసకగా ఉందంటే అది అద్దాలతో పోయేదా, కంటి జబ్బు వల్ల వచ్చిందా అన్నది మొదటి ప్రశ్న. దట్టమైన అట్ట ముక్కలో సూదితో ఒక మిల్లీమీటరు వెడల్పు రంధ్రం చేయండి. ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆ రంధ్రంలోంచి మసకగా కనిపిస్తున్న అక్షరాలను చూడండి. స్పష్టత పెరిగితే దోషం చాలావరకు వక్రీభవనానిదే. సన్నని రంధ్రం పక్కదారిన వచ్చే కిరణాలను ఆపేసి, నేరుగా వచ్చేవాటినే వదులుతుంది గనుక ఇలా జరుగుతుంది. ఏమీ మారకపోతే, లేదా మరింత మసకబారితే, కళ్ళజోడు మాట పక్కనపెట్టి నేత్ర వైద్యులను కలవాలి. రంధ్రంలోంచి బాగా కనిపించినంత మాత్రాన జబ్బు లేదని మాత్రం తీర్మానించుకోవద్దు.

హ్రస్వదృష్టి ఉన్నవారికి ఇంకో ప్రయోగం. జోడు తీసి, ఒక కన్ను మూసి, చిన్న అచ్చును కంటికి దగ్గరగా పట్టుకుని మెల్లగా దూరం జరపండి. అంచులు చెదరడం మొదలైన చోట ఆపి, కంటి నుంచి కాగితం దాకా సెంటీమీటర్లలో కొలవండి. 100ను ఆ సంఖ్యతో భాగించండి. 50 సెంటీమీటర్లయితే 2, 40 అయితే 2.5, 25 అయితే 4. అదే మీ మైనస్సు. డయాప్టర్ అంటే మీటర్లలో చెప్పిన నాభ్యంతరాన్ని తలకిందులు చేసిన సంఖ్య, అంతకన్నా రహస్యమేమీ లేదు. 'నాకు మైనస్ నాలుగు' అనడమంటే 'జోడు లేకుండా పావు మీటరు దాటితే నాకు మసక' అనడమే. అసమదృష్టి ఉంటే అంచు చెదిరే చోటు ఖచ్చితంగా తేలదు కాబట్టి ఈ కొలతతో అద్దాలు చేయించకండి, అవగాహనకే వాడుకోండి.

మూడో మెట్టు: చీటీ చదవడం

ఉదాహరణకు ఒక చీటీ తీసుకుందాం.

కుడి కన్ను: −2.25 / −0.75 × 180
ఎడమ కన్ను: −1.50
యాడ్: +1.50

కుడి, ఎడమ అని రాయకుండా ఓడీ, ఓఎస్ అని రాసేవారున్నారు. అవి లాటిన్ మాటల పొట్టి రూపాలు: ఓడీ కుడి కన్ను, ఓఎస్ ఎడమ కన్ను.

మొదటి అంకె స్ఫియర్. మైనస్సుంటే హ్రస్వదృష్టి, పుటాకార కటకం. ప్లస్సుంటే దీర్ఘదృష్టి, కుంభాకార కటకం. అంకెలు పావు చొప్పున పెరుగుతాయి: 1.00, 1.25, 1.50. పరీక్షలో అంతకన్నా చిన్న తేడాను చాలామంది పసిగట్టలేరు.

రెండో అంకె సిలిండర్, అంటే అసమదృష్టి ఎంతో చెప్పేది. గుణకారపు గుర్తు తర్వాతది యాక్సిస్, ఆ దిద్దుబాటు ఏ కోణంలో కూర్చోవాలో చెప్పేది. అది 1 నుంచి 180 లోపే ఉంటుంది. 180 అంటే అడ్డం, 90 అంటే నిలువు. మన చీటీ ప్రకారం కుడి కంటికి అడ్డంగా −2.25, నిలువుగా మరో 0.75 కలిసి −3.00 సామర్థ్యం కావాలి. ఒకే అద్దం, రెండు దిక్కుల్లో రెండు సామర్థ్యాలు. యాక్సిస్ అంకెను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గాని, 30 డిగ్రీలు పక్కకు తిరిగితే చాలు, సిలిండర్ పెట్టిన ఫలితమంతా పోతుంది. 90 డిగ్రీలు తిరిగితే దోషం రెట్టింపు. నాకు జరిగింది దాదాపు ఇదే.

ఇక్కడ ఒక తిరకాసు. ఒకే కంటికి ఇద్దరు నిపుణులు వేర్వేరు అంకెలు రాసినట్టు కనిపించవచ్చు. ఒకరు +2.00 / −1.00 × 90 అని, ఇంకొకరు +1.00 / +1.00 × 180 అని. రెండూ ఒకటే అద్దం. మార్చే పద్ధతి ఇది: మొదటి రెండు అంకెలను కూడితే కొత్త స్ఫియర్. సిలిండర్ గుర్తును తిరగెయ్యాలి. యాక్సిస్‌కు 90 కలపాలి, మొత్తం 180 దాటితే అందులోంచి 180 తీసెయ్యాలి. ఎవరో తప్పు రాశారని కంగారు పడేముందు ఈ లెక్క చేసి చూడండి.

యాడ్ అన్నది చత్వారానికి, దగ్గరి చూపుకోసం దూరపు అంకెకు కలపాల్సినది. ఎడమ కంటికి −1.50, దానికి +1.50 కలిపితే సున్నా. అంటే ఆ కంటితో చదవడానికి అద్దమే అక్కర్లేదు. యాడ్ సాధారణంగా నలభై ప్రాంతంలో +1.00 దగ్గర మొదలై అరవైకి +2.50 చేరి అక్కడే ఆగుతుంది. పెరుగుతోందని ఆందోళన పడాల్సిన పనిలేదు.

చీటీలో తరచూ రాయనిది పీడీ, రెండు కంటిపాపల మధ్య దూరం. అద్దపు కేంద్రం సరిగ్గా పాపకు ఎదురుగా ఉండాలి. పక్కకు పోతే అద్దం పట్టకంలా పనిచేసి కళ్ళను లాగుతుంది, అంకె పెద్దదైన కొద్దీ ఈ లాగుడు ఎక్కువ. మైనస్ ఒకటికి రెండు మిల్లీమీటర్ల పొరపాటు తెలియదు, మైనస్ ఎనిమిదికి తలనొప్పిగా తెలుస్తుంది. కొలిచి రాయమని అడగండి.

నాలుగో మెట్టు: పరీక్ష గదిలో

నిద్రలేని రోజునో, దినమంతా తెర ముందు గడిపిన సాయంత్రమో వెళ్ళకండి. పాత జోడు, పాత చీటీ పట్టుకెళ్ళండి. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి తెలుసుకోండి, అవి కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మారుస్తాయి. మధుమేహం ఉంటే ముందు చక్కెర అదుపులోకి రావాలి. చక్కెర హెచ్చుతగ్గులతో కటకం నీరు పట్టి అంకె మారుతుంది, ఆ వారం చేయించిన జోడు తర్వాతి నెలకు పనికిరాదు.

ముందు చూపు పట్టిక. 1862లో హెర్మన్ స్నెల్లెన్ రూపొందించిన పద్ధతే ఇప్పటికీ ఆధారం. 6/6 అంటే ఆరు మీటర్ల నుంచి చదవాల్సిన వరసను మీరు ఆరు మీటర్ల నుంచే చదివారని. 6/18 అయితే, మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని మీరు ఆరుకు వస్తేగాని చదవలేరని. ఇది అద్దం సామర్థ్యం కాదు. 'నా చూపు 6/12, అంటే ఎంత నంబరు?' అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు.

తర్వాత గడ్డం ఆనించి, బొమ్మ చూడమనే యంత్రం. కొన్ని సెకన్లలో అంకెలు అచ్చువేస్తుంది. అది ఆరంభమే. ఆ కాగితాన్నే చీటీగా చేతిలో పెడితే ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. రెటినోస్కోపుతో కంట్లోకి వెలుగు వేసి, తిరిగొచ్చే కాంతి కదలికను చూసి కొలిచే పద్ధతి పాతదే అయినా, ముఖ్యంగా పిల్లల విషయంలో, చాలా నమ్మదగినది. ఆ తర్వాత ట్రయల్ ఫ్రేములో అద్దాలు మారుస్తూ మిమ్మల్ని అడుగుతూ తేల్చాలి.

'ఇది బాగుందా, అది బాగుందా' అన్నప్పుడు మొహమాటపడకండి. 'రెండూ ఒకటే' అన్నది సరైన జవాబే. అక్షరాలు చిన్నవై, నల్లగా మెరుస్తుంటే అది బాగుండటం కాదు, మైనస్సు ఎక్కువైందన్న గుర్తు. చదవగలిగిన వరసలు పెరిగాయా అన్నదే చూసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల మీద అక్షరాలు చూపిస్తారు. ఆకుపచ్చవి ఎక్కువ స్పష్టంగా ఉంటే మైనస్సు మోతాదు మించింది, ఎరుపువైతే ఇంకొంచెం కావాలి. చివర్లో ట్రయల్ ఫ్రేముతోనే లేచి నాలుగడుగులు నడిచి, ఫోను చూసి, గది చివరిదాకా చూడండి.

పిల్లల కళ్ళు వేరే పద్ధతి

పిల్లల కటకం ఎంత చురుకంటే, పరీక్ష జరుగుతుండగానే సర్దుకుని లేని మైనస్సును చూపిస్తుంది, ఉన్న ప్లస్సును దాచేస్తుంది. అందుకే చుక్కల మందు వేసి సర్దుబాటును నిలిపి కొలవాలి. సైక్లోపెంటోలేట్ ప్రభావం సుమారు ఒక రోజు, అట్రోపిన్‌ది వారం పైనే. ఆ రోజుల్లో వెలుగు చూడలేకపోవడం, దగ్గర మసకగా ఉండటం సహజం. చుక్కలు వేయకుండా పసివాడికి మొదటి జోడు రాస్తే, ఎందుకు వేయలేదని అడగడం మీ హక్కు.

ఒక కంటికి అంకె పెద్దగా ఉండి రెండోది బాగుంటే పిల్లలు ఏ ఫిర్యాదూ చేయరు. మెదడు మంచి కన్నునే నమ్ముకుని రెండోదాన్ని పక్కనపెట్టేస్తుంది. దీన్నే మందదృష్టి అంటారు. సరైన అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి బలహీనమైన కంటికి పని చెప్పాలి. ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, తర్వాత కష్టం పెరుగుతుంది. బడిలో చేర్చేముందు ఒక్కొక్క కన్ను విడిగా పరీక్షించాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

'జోడు పెడితే సైటు పెరుగుతుంది' అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. అంకె పెరిగేది కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల. కావాలని తక్కువ అంకె పెట్టినా ఆ పెరుగుదల ఆగదు. ఆరుబయట పగటి వెలుగులో రోజుకు రెండు గంటలు గడపడం హ్రస్వదృష్టి రాకను వెనక్కి నెడుతుంది. వచ్చాక వేగాన్ని తగ్గించడానికి చాలా పలుచటి అట్రోపిన్ చుక్కలు, అంచుల్లో వేరే సామర్థ్యం ఉన్న ప్రత్యేక అద్దాలు, లెన్సులు వైద్యులు సూచిస్తున్నారు. ఇవి పెరుగుదలను నెమ్మదింపజేస్తాయి, ఉన్న అంకెను చెరిపేయవు. కంటి వ్యాయామాలతో మైనస్సు పోతుందనే ప్రకటనలకు డబ్బు కట్టకండి, పొడుగైన గుడ్డు పొట్టిదవదు.

ఐదో మెట్టు: దిద్దుబాటు ఎంచుకోవడం

కళ్ళజోడుకు మించిన భద్రమైన దారి లేదు. మైనస్సు పెద్దదైతే అద్దం అంచు మందంగా వస్తుంది, కాబట్టి చిన్న, గుండ్రటి ఫ్రేము ఎంచుకోండి. ఎక్కువ వక్రీభవన గుణకం ఉన్న పదార్థాలు (1.67, 1.74) పలుచగా వస్తాయి గాని అంచుల్లో రంగుల చారలు కనిపించవచ్చు. అంకె రెండో మూడో అయితే వాటికి ఖర్చు పెట్టడం దండగ. పిల్లలకు పగలని పాలీకార్బొనేట్ మేలు. చత్వారానికి ఒకే అద్దంలో దూరానికి, దగ్గరికి రెండు భాగాలుండే బైఫోకల్, లేదా గీత కనిపించని ప్రోగ్రెసివ్. ప్రోగ్రెసివ్‌లో పక్కల వక్రత తప్పదు, కళ్ళకు బదులు తల తిప్పి చూడటం నేర్చుకోవాలి. రోజంతా కంప్యూటర్ ముందుండేవారికి ఆ దూరానికే ఒక విడి జోడు చేయించుకోవడం నా దృష్టిలో తెలివైన పని.

కాంటాక్ట్ లెన్సు అంకె జోడు అంకె కాదు. అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల ముందుంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది. ఈ తేడా నాలుగు డయాప్టర్లు దాటాక లెక్కలోకి వస్తుంది: −8.00 జోడుకు −7.25 లెన్సు సరిపోతుంది. రెండు కళ్ళ మధ్య తేడా బాగా ఎక్కువున్నవారికి జోడుతో ఒక కంటి బొమ్మ చిన్నదిగా, రెండోది పెద్దదిగా పడుతుంది. వారికి లెన్సే సుఖం. నియమాలు కొద్దివే, కానీ కఠినమైనవి: చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, లెన్సును ద్రావకంతో రుద్ది శుభ్రం చేయాలి, కుళాయి నీరు తగలనివ్వకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు, ఈదకూడదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేస్తే చూపు తిరిగి రావడం గగనం. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టిందంటే లెన్సు వెంటనే తీసేయాలి.

శస్త్రచికిత్స మూడో దారి. లాసిక్‌లో కార్నియా మీద పలుచటి పొర లేపి, కింద లేజరుతో చెక్కి, పొరను మళ్ళీ పరుస్తారు. పీఆర్‌కేలో పొర లేపకుండా పైభాగం నుంచే చెక్కుతారు, నొప్పి, కోలుకునే సమయం ఎక్కువ. స్మైల్‌లో చిన్న గాటు ద్వారా లోపలి పలక తీసేస్తారు. పద్ధతి ఏదైనా, కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరేనని గుర్తుంచుకోవాలి. అంకె పెద్దదైన కొద్దీ ఎక్కువ చెక్కాలి, కనుక ఒక హద్దు దాటాక వీలుపడదు. అలాంటివారికి కంటి లోపల అదనపు లెన్సు అమరుస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండి, కనీసం ఏడాదిగా అంకె మారకుండా ఉండాలి. కార్నియా శంకువులా సాగే జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, కళ్ళు బాగా పొడిబారేవారికి ఇది తగదు. ముందే తెలుసుకోవాల్సింది ఇంకోటి: లాసిక్ చేయించుకున్నా నలభై తర్వాత చత్వారం వస్తుంది, సాగిన గుడ్డు అలాగే ఉంటుంది.

ఆరో మెట్టు: జోడు చేతికొచ్చాక

పెట్టుకునేముందు అద్దాన్ని చేతిలో పట్టుకుని, దాని గుండా దూరంగా ఉన్న తలుపు అంచును చూస్తూ పక్కకు జరపండి. అంచు అద్దంతోపాటు అదే వైపు కదిలితే మైనస్సు, ఎదురుగా కదిలితే ప్లస్సు. ఇప్పుడు అద్దాన్ని చక్రంలా తిప్పండి. నిలువు గీత కత్తెరలా వంకర తిరిగితే సిలిండర్ ఉందని. కుడి ఎడమలు తారుమారైతే ఈ చిన్న పరీక్షలోనే దొరికిపోవచ్చు. అంకెలు, యాక్సిస్ ఖచ్చితంగా కావాలంటే అద్దం సామర్థ్యాన్ని కొలిచే లెన్సోమీటరులో పెట్టి చూపించమని అడగండి, ఒక్క నిమిషం పని.

కొత్త సిలిండర్‌కు, ప్రోగ్రెసివ్‌కు వారం, రెండు వారాల అలవాటు అవసరమే. ఆ తర్వాత కూడా నేల వాలుతుంటే సర్దుకుపోకండి, చీటీతో వెనక్కి వెళ్ళండి.

ఇక కొన్ని లక్షణాలకు కళ్ళజోడు చీటీతో పనిలేదు. కంటి ముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లటి తేలే చుక్కలు పెరగడం, ఒక వైపు నుంచి తెర దిగినట్టు కావడం రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు. ఆరు మైనస్సు దాటినవారికి ఈ ముప్పు ఎక్కువ. అదే రోజు వైద్యుల దగ్గర ఉండాలి. అంకె మారకపోయినా ఆరు మైనస్సు దాటినవారు ఏటా చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేయించుకుని రెటీనా చూపించుకోవాలి.

అరవై దాటిన పెద్దవారు ఒకనాడు 'జోడు లేకుండానే పేపరు చదివేస్తున్నాను' అని సంబరపడితే శుక్లం పరీక్ష చేయించండి. కటకం మధ్యభాగం గట్టిపడి, మైనస్సు వైపు జరిగి ఆ మాయ చేస్తుంది. శుక్లం తీసినప్పుడు లోపల పెట్టే కృత్రిమ కటకం అంకెను, కంటి పొడవు, కార్నియా వంపు కొలిచి ఎంచుతారు. దూరం జోడు లేకుండా కావాలా, దగ్గరా అన్నది అప్పుడు మీరే చెప్పవచ్చు. ఒకప్పుడు లాసిక్ చేయించుకుని ఉంటే ఆ మాట తప్పక చెప్పాలి. చెక్కిన కార్నియాతో మామూలు లెక్క తప్పుతుంది, చెక్కకముందు మీ అంకె ఎంతో తెలిస్తే సరిచేయడం తేలిక. ఇరవై ఏళ్ళ నాటి ఆ పాత చీటీని పారేయకుండా దాచి ఉంచితే అక్కడ అక్కరకొస్తుంది.